మిగిలిన ఊలుతో మేనకోడలికి పుట్టినరోజు స్వెటర్: నా అనుభవం

జనవరి 20న మా మేనకోడలికి ఐదేళ్ళు నిండాయి. ఆ రోజు అది వేసుకున్న స్వెటర్ మొత్తం నా దగ్గర ఏళ్ళ తరబడి మిగిలిపోయిన ఊలు ఉండలతో అల్లినదే. ఊలు కోసం ఒక్క పైసా ఖర్చు పెట్టలేదు. మొదలుపెట్టే ముందు ఇలాంటి పని చేసినవాళ్ళు ఏం రాశారా అని వెతికితే అందమైన ఫోటోలు చాలా దొరికాయి. కానీ మిగులు ఊలులో ఏది పనికొస్తుంది, ఏది చెయ్యిస్తుంది, తూకం ఎలా సరిపెట్టుకోవాలి అన్నది మాత్రం దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అక్టోబర్ 26న వదినకి ఫోన్ చేశాను. పాప దగ్గర ఉండదు కాబట్టి మధ్యలో తొడిగి చూసే వీలు లేదు. పాపకి టేపు చుట్టి కొలవమంటే అది ఒక్కచోట నిలబడదు. అందుకని, "ఇప్పుడు దానికి సరిగ్గా పడుతున్న స్వెటర్ ఒకటి మంచం మీద పరిచి కొలువు వదినా" అన్నాను. ఇది అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. పరిచిన స్వెటర్ వెడల్పు 33 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత 66. చంక నుంచి మణికట్టు దాకా చేతి పొడవు 32. పాప ఛాతీ చుట్టుకొలత 61. తల చుట్టుకొలత కూడా అడిగాను, 51 అంది. పిల్లల స్వెటర్‌కి ఈ చివరి కొలతే ప్రాణం. ఒంటితో పోలిస్తే పిల్లల తల పెద్దది. మెడ దగ్గర ఇరుక్కుంటే ఎంత మంచి స్వెటరైనా రెండోసారి వేసుకోరు.

ఇంకో ప్రశ్న కూడా అప్పుడే అడిగాను, ఉతకడం ఎలా అని. "స్కూలుకి వేసుకెళ్ళేది చేత్తో ఉతుకుతూ కూర్చోవడం నావల్ల కాదమ్మా, మెషిన్లోనే వేస్తాను" అని నిజం చెప్పింది. ఆ ఒక్క మాటతో నా సంచిలో చాలా ఊలు పక్కకి పోయింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. వెనక నుంచి పాప ఫోన్ లాక్కుని, "అత్తా, ఎర్ర రంగుది" అని ఆర్డర్ వేసింది.

మర్నాడు సంచి తీసి నేల మీద బోర్లించాను. ఎన్ని రంగులున్నాయో చూసి మురిసిపోవడం కంటే ముందు వంటింట్లో కాటా తెచ్చుకోవడం మంచిది. పిల్లల స్వెటర్‌కి మీటర్లే లెక్క. లేబుల్ పోయిన ఉండలో మీటర్లు ఎన్నున్నాయో చూసి చెప్పలేం, తూకం వేసి మాత్రం లెక్క కట్టొచ్చు. నేను వాడదలచింది డీకే (డబుల్ నిట్టింగ్) అనే మధ్యస్థ మందం. 4 మిల్లీమీటర్ల సూదుల మీద పది సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చేది. ఆ మందంలో నా ఊలు ఉండలన్నీ 100 గ్రాములకి 220 మీటర్ల దగ్గర వస్తాయి. ఐదేళ్ళ పిల్లకి 500 మీటర్లకి పైన పడుతుందని అంచనా వేసుకుంటే, 230 నుంచి 240 గ్రాములు కావాలి.

ఉన్నవి ఇవీ. నా కార్డిగన్‌లో మిగిలిన ఆకుపచ్చ మెరినో 74 గ్రాములు. మేనకోడలు పుట్టినప్పుడు దాని టోపీ కోసం కొన్న ఆవపసుపు రంగు రెండు ఉండలు, ఒకటి 31, ఒకటి 22. అమ్మ సాక్సులకి తెచ్చిన మీగడ తెలుపు 60, సన్నది, 100 గ్రాములకి 400 మీటర్లు. అన్నయ్య కాలేజీ రోజుల్లో అల్లిన మఫ్లర్ తాలూకు ఎరుపు 38. లేబుల్ లేని ముదురు నీలం 120, అన్నిటికంటే పెద్ద ఉండ. ఇంకా బూడిద రంగు ఊలు. అది నాన్నగారికి అల్లిన చేతుల్లేని స్వెటర్‌లో మిగిలింది. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన ఆ స్వెటర్ వేసుకుని మనవరాలిని ఎత్తుకున్న రోజులు తక్కువే. అందుకే బూడిద రంగు ఎలాగైనా ఇందులో ఉండాలని సంచి విప్పకముందే అనుకున్నాను.

ఆ ఉండ చేతిలోకి తీసుకుని కొస లాగితే తెగిపోయి వచ్చింది. ఇంకాస్త లాగితే ఇంకోచోట తెగింది. ఇసుకలాంటి గింజలు రాలాయి. చిమ్మట పురుగు పట్టింది. గుండె జారిపోయింది. మిగతా ఉండలన్నీ ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూశాను, వాటికి ఏమీ కాలేదు. బూడిద రంగు ఉండని ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్‌లో రెండు వారాలకి పెట్టేశాను. గుడ్లు, పురుగులు చచ్చిపోవాలంటే అంత గడువు కావాలి. రెండు రోజులు పెట్టి తీసేస్తే చాలదు. ఖాళీ అయిన పెద్ద సంచిని బయటికి తీసుకెళ్ళి దులిపి, ఉతికి ఎండలో వేశాను. రెండు వారాలు పోతే నవంబర్ 10 వస్తుంది. ఈలోపు ఆ రంగు లేకుండా నడిచే భాగాలు మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఉతుకుడు సంగతి. మెషిన్‌లో ఉతికినా కుంచించుకుపోని ఊలుని సూపర్‌వాష్ అంటారు. మామూలు ఊలు వేడినీళ్ళు, తిప్పుడు కలిస్తే దుప్పటిలా గట్టిపడి కుంచించుకుపోతుంది. ఒక స్వెటర్‌లో రెండు రకాలూ కలిపామా, మొదటి ఉతుకులోనే ఒక చార ముడుచుకుని పక్క చార వేలాడుతుంది. లేబుల్ ఉన్న వాటితో గొడవ లేదు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, మీగడ తెలుపు నాలుగూ సూపర్‌వాష్ అని రాసి ఉంది. నీలానికే లేబుల్ లేదు.

ముందు అది అసలు ఊలేనా అని చూశాను. సింకులో స్టీలు పళ్ళెం పెట్టి, చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని అంటించాలి. ఊలైతే మంట తీయగానే ఆరిపోతుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేలితో నలిపితే పొడైపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నూలైతే కాగితంలా కాలుతుంది. నీలం కాలితే జుట్టు వాసన గుప్పుమంది. ఊలే. ఇక మెషిన్‌కి తట్టుకుంటుందా అన్నదే తేలాలి.

ఫ్రీజర్‌లో ఉన్న బూడిద తప్ప అన్ని రంగులతో ఒక్కొక్క నమూనా ముక్క అల్లాను, ఒక్కొక్కటి పదిహేను సెంటీమీటర్ల చదరం. ఇది విసుగు పని, మూడు సాయంత్రాలు దానికే సరిపోయాయి. కానీ మిగులు ఊలుతో అల్లేవాళ్ళు మానకూడని పని ఏదైనా ఉందంటే ఇదే. వదిన వాళ్ళు ఎలా ఉతుకుతారో అలాగే, 40 డిగ్రీల నీళ్ళలో, బట్టలతో కలిపి మెషిన్‌లో వేశాను. నవంబర్ 2 ఆదివారం. తలుపు తీసేసరికి నీలం ముక్క నా అరచేతిలో పట్టేంత అయిపోయింది. కుట్లు కనిపించకుండా మందంగా, గట్టిగా తయారైంది. 120 గ్రాములు, నా లెక్కలో సగం స్వెటర్, ఒక్క ఉతుకుతో పోయింది. మనసులో ఒళ్ళంతా నీలం, పైన ఎర్ర చారలు అని బొమ్మ గీసేసుకున్నాను. అది తుడిచేసుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. నీలం లేకుండా మిగిలింది 225, బూడిద బతికితే దాని తూకం అదనం. అంటే నాన్నగారి ఊలు పనికొస్తేనే ఈ స్వెటర్ పూర్తవుతుంది.

ఎరుపు ఇంకో పేచీ పెట్టింది. దాన్ని ముందు విడిగా గిన్నెలో గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాను, అదృష్టం. అరగంటకి నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. ఉండ విప్పి చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మారుస్తూ పోయాను. అలా మూడు రోజులు గడిచాయి. ఆరాక ఎరుపు, తెలుపు పక్కపక్కన అల్లిన చిన్న ముక్కని తడిపి తెల్లగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచాను. గుడ్డకి రంగు అంటలేదు. తెల్ల చారలో మాత్రం ఎరుపుని ఆనుకున్న అంచు లేతగా కందినట్టు కనిపించింది. చూసేవాళ్ళకి తెలియదు గానీ నాకు తెలుస్తుంది. పైగా ప్రతి ఉతుకులో ఇంకొంచెం కందితే? ఎరుపు వదిలేద్దామంటే పాప అడిగింది అదొక్కటే.

రెండు రోజులు ఆలోచిస్తే దారి దొరికింది. తడి బట్టలో నీళ్ళు కిందికి దిగుతాయి, రంగు దిగితే వాటితోపాటే దిగుతుంది. ఎరుపు కింద ఇంకే రంగూ లేకపోతే పాడయ్యేదేమీ ఉండదు. అంటే ఎరుపు ఉండాల్సిన చోటు స్వెటర్ అడుగు అంచు, చేతుల అంచులు. మెడ పట్టీకి పెడితే కింద ఉన్న రంగు మీదికి దిగొచ్చు కాబట్టి మెడకి ఆకుపచ్చ. అంచులు ఎరుపైతే పిల్లలకి ఎప్పుడూ కనిపిస్తూ ఉంటాయి, వాళ్ళు చూసుకునేది తమ చేతులే కదా. తూకం కూడా కుదిరింది. అడుగు పట్టీకి 17 గ్రాములు, రెండు మణికట్టు పట్టీలకి కలిపి 8, అంతా కలిపి 25. ఉన్నది 38.

స్వెటర్ పై నుంచి కిందికి, మెడ దగ్గర మొదలుపెట్టి అల్లే రాగ్లాన్ పద్ధతి (మెడ నుంచి చంక దాకా ఏటవాలు గీతల మీద ఒళ్ళు, చేతులు కలిసేది) ఎంచుకున్నాను. మిగులు ఊలుకి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. కింది నుంచి అల్లితే ఊలు చాలకపోయే చోటు భుజాల దగ్గర వస్తుంది, అక్కడ చేయగలిగింది లేదు. పై నుంచి అల్లితే చాలకపోయే చోటు అడుగు అంచు. అక్కడ రెండు వరసలు తగ్గించినా, ఒక చార మార్చినా స్వెటర్‌కి ఏమీ కాదు.

కుట్ల లెక్కకి ఉతికి ఆరిన ముక్కనే కొలిచాను. సూపర్‌వాష్ ఊలు తడిస్తే సాగుతుంది. ఉతకకముందు పది సెంటీమీటర్లకి 23 కుట్లున్నది ఉతికాక 22 అయింది. ఒక్క కుట్టే కదా అనిపిస్తుంది, ఒంటి చుట్టూ వచ్చేసరికి అది మూడు సెంటీమీటర్ల తేడా. ఛాతీ 61కి కొంచెం వదులు, ఇంకో శీతాకాలానికి పనికొచ్చేలా ఇంకొంచెం కలిపి 67 సెంటీమీటర్లు అనుకున్నాను. దానికి 148 కుట్లు. అల్లికల రచయిత్రి ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన శాతాల పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఒంటి కుట్లని వంద అనుకుంటే మెడకి 40, మణికట్టుకి 20. ఆ లెక్కన నాకు మెడకి 59 కుట్లు రావాలి. 51 సెంటీమీటర్ల తల అందులోంచి దూరదు. ఐదేళ్ళ పిల్లల దగ్గర ఆ శాతాలని గుడ్డిగా పట్టుకోకూడదని నా అభిప్రాయం. మెడకి 80, మణికట్టుకి 36 తీసుకున్నాను.

నవంబర్ 8 శనివారం రాత్రి ఆకుపచ్చతో 80 కుట్లు ఎక్కించాను. ముందు 28, వెనక 28, ఒక్కో చేతికి 8, నాలుగు మూలల్లో రెండేసి. చుట్టు విడిచి చుట్టు ఎనిమిది కుట్లు పెంచుతూ పోవాలి. ఇది హాయిగా సాగిన భాగం. మొదట్లో చుట్టు నిమిషాల్లో అయిపోతుంది, పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ఆకుపచ్చ తర్వాత పసుపు అందుకున్నప్పుడు చిన్న ఆశ్చర్యం. రెండు పసుపు ఉండలూ ఒకే కంపెనీవి, ఒకే నంబరు రంగువి, కానీ వేర్వేరు అద్దకపు లాట్‌లవి. విడిగా చూస్తే ఒకటే. ఒకదాని పక్కన ఒకటి అల్లితే గీత గీసినట్టు తెలిసిపోతోంది. రెండు చుట్లు దీనితో, రెండు చుట్లు దానితో మార్చి మార్చి అల్లితే ఆ తేడా కరిగిపోయింది. చెప్తే తప్ప ఇప్పుడు ఎవరికీ కనిపించదు.

గుండ్రంగా అల్లేటప్పుడు రంగు మారిన చోట మెట్టులా ఎగుడు వస్తుంది. కొత్త రంగుతో మొదటి చుట్టు మామూలుగా అల్లి, రెండో చుట్టులో మొదటి కుట్టుని అల్లకుండా కుడి సూదికి జార్చేస్తే మెట్టు దాదాపు మాయమవుతుంది. చుట్టు మొదలయ్యే చోటుని వీపు వైపు మూలలో పెట్టుకోవడం ఇంకా నయం.

నవంబర్ 10న ఫ్రీజర్ తెరిచాను. బూడిద ఉండని గది వేడికి రానిచ్చి, బాల్కనీలో కూర్చుని విప్పాను. ఇది రాయడం కష్టంగానే ఉంది. నాలుగు మీటర్లు బాగుంటుంది, తర్వాత తెగుతుంది. అరమీటరు, మళ్ళీ తెగుతుంది. కొన్నిచోట్ల తెగలేదు గానీ పోగు సన్నబడిపోయింది. అలాంటి చోటుని గోళ్ళతో తడిమి పట్టుకుని కత్తిరించాను, ఉంచితే మొదటిసారి మోచెయ్యి వంచగానే తెగుతుంది. అరమీటరు కంటే చిన్న ముక్కలు పక్కన పడేశాను. వాటితోనే ఒక నమూనా అల్లి మెషిన్‌లో వేశాను. ముప్పావు గంట ఆ మెషిన్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ముక్క మెత్తగా, పరిచిన కొలతతోనే బయటికొచ్చింది. సూపర్‌వాష్. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడానికేముంది. మంచి ఊలు కాటా మీద పెడితే 45 గ్రాములు.

అతుకు వేయడం దగ్గర మరో సంగతి తెలిసింది. మామూలు ఊలైతే రెండు కొసలని తడిపి అరచేతుల మధ్య రుద్దితే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సూపర్‌వాష్ అలా అంటుకోదు, ఎంత రుద్దినా విడిపోతుంది. కాబట్టి రష్యన్ జాయిన్. ఒక కొసని సూదికి ఎక్కించి, ఆ పోగు కడుపులోంచే వెనక్కి పది సెంటీమీటర్లు పోనిచ్చి చిన్న ఉచ్చు చేయాలి. రెండో కొసని ఆ ఉచ్చులోంచి తెచ్చి అలాగే దాని కడుపులోకి పోనివ్వాలి. రెండూ లాగితే ముడి లేకుండా కలుస్తాయి. అతుకు దగ్గర రెట్టింపు మందం ఉంటుంది, అల్లాక చేతితో తడిమితే తెలుస్తుంది గానీ కంటికి తెలియదు. ఓ వారం పాటు సాయంత్రాలు ఇవే అతుకులు.

నవంబర్ 23న చేతుల కుట్లు వేరు చేశాను. ఒక్కో చేతివి 48 కుట్లు పాత దారం మీద నిలిపి, చంకల్లో ఆరేసి కుట్లు కొత్తగా ఎక్కిస్తే ఒంటికి సరిగ్గా 148. ఇక్కడ అందరూ ఒంటి భాగం అల్లుకుంటూ కిందికి వెళ్ళిపోతారు, చేతులు చివర్లో చూసుకుందామని. మిగులు ఊలుతో మాత్రం చేతులే ముందు అల్లాలని గట్టిగా చెప్తాను. ఒళ్ళు ఒక్కటే, దాన్ని ఎంత మిగిలితే అంతలో సర్దొచ్చు. చేతులు రెండు, రెండూ ఒకేలా ఉండాలి. ఒళ్ళు పూర్తయ్యాక రెండో చేతికి రంగు చాలకపోతే దిక్కుండదు.

బూడిద ఊలుని కాటా మీద రెండు సమాన ఉండలుగా చేశాను. ఒక్కో చేతికి 30 గ్రాములు పడుతుందని లెక్క. అందులో 22 బూడిద, మిగతా 8 మీగడ తెలుపు. సన్న తెలుపుని రెండు పోగులు కలిపి అల్లితే 100 గ్రాములకి 200 మీటర్లు అవుతుంది, డీకే మందానికి చాలా దగ్గర. రెండు పోగులు ఒకేసారి సాగాలి, లేకపోతే ఒకటి వదులై ఉచ్చులు లేస్తాయి. రెండు పోగులనీ కలిపి ముందే ఒకే ఉండగా చుట్టుకుంటే ఆ చిక్కు రాలేదు. చేతికి 40 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది (రెండు సూదులని కేబుల్‌తో కలిపింది) కూడా పెద్దదే. పొడుగు కేబుల్ సూదితో, మిగిలిన కేబుల్‌ని ఉచ్చులా బయటికి లాగి అల్లే మ్యాజిక్ లూప్ పద్ధతిలో అల్లాను. పట్టీల కోసం 3.25 మిల్లీమీటర్ల సూది నా దగ్గర విరిగిపోయి ఉంటే అదొకటి కొన్నాను. స్వెటర్ మొత్తానికి కొన్న వస్తువు అదే. తర్వాత కొరియర్ ఖర్చు. మిగతా ఖర్చంతా సాయంత్రాల రూపంలోనే. లెక్కేసి చూస్తే స్వెటర్ మొత్తం 30,000 కుట్ల దాకా వస్తుంది.

డిసెంబర్ 14కి రెండు చేతులూ అయ్యాయి, ఎర్ర పట్టీలతో సహా. రెండో చేతి బూడిద చివర్లో చాలా టెన్షన్ పడ్డాను. ఉండ పెసరగింజంత అవుతోంది, ఇంకా రెండు చుట్లున్నాయి. మూరెడు మిగిలి గట్టెక్కింది.

ఇక ఒళ్ళు. ఒక సాయంత్రం పది చుట్లు అల్లి ఉండని మళ్ళీ తూచాను. 11 గ్రాములు చిల్లర తగ్గింది. అంటే చుట్టుకి గ్రాముపైన. ఈ ఒక్క అంకె తెలిస్తే మిగతా చారలన్నీ కాగితం మీదే తేలిపోతాయి. చంక నుంచి పట్టీ దాకా 25 సెంటీమీటర్లు, అంటే 75 చుట్లు. ఆరు చుట్లు ఆకుపచ్చ, నాలుగు తెలుపు, నాలుగు పసుపు. ఇలా ఐదుసార్లు తిరిగి, ఆఖర్న మళ్ళీ ఆరు ఆకుపచ్చ వేస్తే 76. ఆకుపచ్చకి 41 గ్రాములు కావాలి, మెడ పట్టీకి పక్కన పెట్టింది పోను 43 ఉంది. తెలుపు, పసుపు తలా 23 కావాలి, రెండూ అంతకంటే ఎక్కువే ఉన్నాయి. అల్లకముందే చాలుతుందని తెలిశాక మనసు ఎంత నెమ్మదించిందో చెప్పలేను. చార వెడల్పు అందం కోసం పెట్టిందనుకుంటారు చూసినవాళ్ళు. అది కాటా చెప్పిన వెడల్పు.

బొమ్మలు, పువ్వులు పెట్టకుండా చారలకే పరిమితం కావడానికీ కారణం ఉంది. రెండు రంగులతో బొమ్మ అల్లితే లోపలివైపు పోగులు అడ్డంగా వేలాడతాయి. పిల్లలు చెయ్యి దూర్చేటప్పుడు వేళ్ళు వాటికి తగులుకుంటాయి. చారలకి ఆ బాధ లేదు.

ఒంటి చారలు సెలవుల్లో సాగాయి. జనవరి 3న ఎర్ర పట్టీ ముగించాను. తర్వాత మెడ చుట్టూ కుట్లు ఎత్తుకుని ఎనిమిది చుట్లు రిబ్ (పట్టీలకి వేసే సాగే అల్లిక) అల్లి, సాగే ముగింపు వేశాను. ప్రతి కుట్టుకి ముందు సూది మీద ఒక మెలిక అదనంగా వేసుకుని దాన్ని కుట్టు మీదుగా దాటించే పద్ధతి. నా తల 55 సెంటీమీటర్లు. దాన్నే తొడిగి చూశాను, జారిపోయింది. పాపకి ఇక భయం లేదు.

ఆ తర్వాత వారం కొసలు దాచడమే. చార మొదట ఒకటి, చివర ఒకటి, అన్నీ కలిపి అరవై దాకా ఉన్నాయి. మూడు రంగుల పోగులని తెంచకుండా లోపలివైపు పక్కన తీసుకెళ్ళే పద్ధతి ఉంది. అలా చేస్తే ఆ పక్కంతా బిగిసి స్వెటర్ వాలుతుందేమోనని ప్రతి చారకీ తెంచాను. కొసలు ఎక్కువైనా నాకు ఇదే నచ్చింది. సూపర్‌వాష్ నున్నగా ఉంటుంది, నాలుగు కుట్లలో దాచేస్తే రెండు ఉతుకులకే బయటికి తొంగి చూస్తుంది. ఏడు సెంటీమీటర్లు ఒక దిక్కుకి పోనిచ్చి, తిరిగి వెనక్కి కొంత తెచ్చి, స్వెటర్‌ని అన్నివైపులా సాగదీసి అప్పుడు కత్తిరించాలి. కత్తిరించేటప్పుడు సెంటీమీటరు వదిలాను.

జనవరి 10న చల్లటి నీళ్ళలో తడిపి, తువ్వాలులో చుట్టి నొక్కి, ఎర్ర పట్టీల కింద తెల్లగుడ్డ పెట్టి పరిచాను. తడిగా ఉన్నప్పుడు చుట్టుకొలత 72 చూపించింది. నమూనా ముక్క తడిసినప్పుడు ఎంత సాగిందో, ఆరాక ఎంత వెనక్కి వచ్చిందో రాసి పెట్టుకున్నాను కాబట్టి కంగారు పడలేదు. చలికాలం కావడంతో ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఆరాక 67. తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. తూకం 234 గ్రాములు. 14న కొరియర్‌లో వేశాను, 17న అందింది.

పుట్టినరోజు పొద్దున వీడియో కాల్ చేశారు. తల సులువుగా పట్టింది. పాప ముందు ఎర్ర పట్టీలు చూసుకుని, వాటిని మడిచి, మళ్ళీ విప్పి, "అత్తా, పొట్ట మీద ఎరుపు లేదేం?" అని అడిగింది. ఎర్ర ఊలు అంతే ఉందిరా, అది మీ నాన్న మఫ్లర్‌లోది అన్నాను. అన్నయ్య వెనక నుంచి వంగి చూశాడు. "ఈ బూడిద రంగు నాన్నది కదూ" అన్నాడు. నేను చెప్పలేదు, వాడే గుర్తుపట్టాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. పాప మాత్రం, "తాతయ్యది నాకిచ్చారా?" అంది.

ఇది రాస్తున్నది మార్చి మొదటి వారంలో. ఇప్పటికి చాలాసార్లు మెషిన్‌లో పడింది. వదిన పంపిన ఫోటోల్లో తెలుపు తెల్లగానే ఉంది. చంకల దగ్గర, చేతుల లోపలివైపు కాస్త ఉండలు లేచాయి. మెత్తటి మెరినోకి అది తప్పదు, చిన్న దువ్వెనలాంటి దానితో తీసేస్తే పోతాయని చెప్పాను. బూడిద రంగులో ఒక్క అతుకు కూడా విడిపోలేదు. పాప పొడుగవుతోందట. వచ్చే చలికాలానికి మణికట్టు పట్టీలు విప్పి, మిగిలిన తెలుపుతో రెండు వేళ్ళ వెడల్పు చార కలిపి, అదే ఎరుపుతో పట్టీ మళ్ళీ వేస్తాను. పై నుంచి అల్లిన చేతికి ఆ సౌకర్యం ఉంది. అందుకోసం తెలుపు, ఎరుపు విడిగా సంచిలో వేసి, తూకం, సూది నంబరు, మెషిన్‌లో ఉతకొచ్చని చీటీ రాసి పెట్టాను. నీలం కూడా పారేయలేదు. అలా గట్టిపడే ఊలుతో కావాలనే కుంచింపజేసి ఇంట్లో వేసుకునే చెప్పులు చేస్తారు, మా వదిన పాదాల కొలత ఇప్పటికే తీసుకున్నాను.